మహారాజశ్రీ పది గారి సముఖానికి

అయ్యా,

మనిషికి పది వేళ్లున్నాయి కాబట్టి లెక్కల గద్దె మీకే దక్కిందని ఊరూవాడా చెప్పించుకున్నారు. సరే. కానీ తమరి అంకెలు సున్నా నుంచి తొమ్మిది దాకానే కదా? వాటికి తొమ్మిది వేళ్లు చాలు. పదోది ఎత్తేసరికి ఒకట్ల చోట సున్నా పడుతుంది, పదుల చోట ఒకటి వేద్దామంటే ఇక వేలు ఉండదు. వేళ్ల పేరు చెప్పుకొని గద్దెనెక్కి, వేళ్లకే లెక్క కుదరనివ్వలేదు.

మీకంటే ఆరు నయం. పిడికిలి సున్నా, అయిదు వేళ్లూ తెరిస్తే అయిదు. కుడిచెయ్యి ఒకట్లు, ఎడమచెయ్యి ఆర్లు. రెండూ తెరిస్తే 35.

ఇక పన్నెండు సంగతి. బొటనవేలు మేస్త్రీలా తిరుగుతూ మిగతా నాలుగు వేళ్ల కణుపులు తాకుతుంది. వేలికి మూడేసి చొప్పున పన్నెండు. డజను పూర్తయినప్పుడల్లా రెండో చేతిలో ఒక వేలు మడిస్తే 60 దాకా పోవచ్చు. పన్నెండుని సగం చెయ్యండి, మూడు వాటాలు వెయ్యండి, నాలుగు వెయ్యండి, గొడవ రాదు. మిమ్మల్ని మూడో వంతు అడిగితే చుక్క పెట్టి మూడు మూడు మూడు అంటూ పోతారు, ఆపేవాళ్లుండరు. గడియారాన్ని కూడా లొంగదీద్దామని 1793లో ఫ్రెంచి విప్లవకారులు మీ తరఫున రోజుకు పది గంటలు, గంటకు వంద నిమిషాలు అని చట్టం చేశారు. రాజుగారి తల తీయగలిగారు గానీ గడియారం ముల్లు తిప్పలేకపోయారు. 1795లో ఆ నిబంధన పక్కన పెట్టేశారు.

వేళ్లంటే తమరికి గుర్తొచ్చేది మీరొక్కరే. కాలిఫోర్నియాలోని యూకీ తెగవాళ్లు వేళ్లని వదిలేసి సందులు లెక్కపెట్టి ఎనిమిదితో సరిపెట్టుకున్నారు. పాపువా న్యూగినీలోని ఓక్సప్మిన్ తెగవాళ్లు ఒక చేతి బొటనవేలి నుంచి మొదలెట్టి, భుజం మీదుగా ముఖానికెక్కి, అటువైపు చిటికెనవేలు దాకా దిగి 27 లెక్కపెడతారు. అందులో ముక్కు 14. మీ రాజ్యంలో ముక్కుకి ఏం పదవి ఇచ్చారు?

అయిదు వేళ్లూ ఒక్కలా ఉంటాయా అని లోకం అంటుంది. మీ కొలువులో మాత్రం ఉంటాయి: బొటనవేలైనా ఒకటే, చిటికెనవేలైనా ఒకటే. ఎవరి హోదా వాళ్లకిచ్చింది రెండుల పద్ధతి. బొటనవేలు 1, చూపుడువేలు 2, నడిమివేలు 4, ఉంగరపువేలు 8, చిటికెనవేలు 16. లేచిన వేళ్లని కూడితే ఒక్క చేత్తో 31 దాకా. రెండో చేతిని 32తో మొదలెట్టి అలాగే రెట్టిస్తూ పోతే రెండు చేతులతో 1023 దాకా. (ఉంగరపువేలు ఒక్కటే నిటారుగా లేవదు, పక్కవాటిని లాక్కొస్తుంది. ఎనిమిది దగ్గర కాస్త ఓపిక పట్టాలి.) కంప్యూటర్లు కూడా లోపల రెండుతోనే కాపురం చేస్తూ, తెర మీదికి వచ్చేటప్పుడు తమరు నొచ్చుకుంటారని మీ వేషం వేసుకుంటాయి.

ఇట్లు,
కణుపుల పక్షపాతి

తా.క.: రెండుల పద్ధతిలో నాలుగంటే నడిమివేలొక్కటే లేపడం. పెద్దల ముందు మూడు దగ్గర ఆగి, నాలుగు నోటితో చెప్పడం క్షేమం. 132కి (128+4) రెండు చేతుల నడిమివేళ్లూ లేస్తాయి.