అద్దాల పెట్టె పక్కన అతికించిన చీటీ గారికి

మహారాజశ్రీ ఫ్రెంచి మ్యూజియాల చీటీ గారికి,

ఉభయకుశలోపరి. అరచెయ్యంత అట్టముక్క మీద నాలుగు ముక్కలు రాసుకుని, ఎవరేమడిగినా ఐదో ముక్క చెప్పకుండా తరతరాలు నెట్టుకొచ్చిన మీకు క్షేమం కాక మరేముంటుంది?

మీ దగ్గర నేర్చుకోవాల్సింది వ్యాకరణం. మా తెలుగులో ఎవరైనా 'తేబడెను' అంటే పంటి కింద రాయిలా తగులుతుంది. ఎవడు తెచ్చాడండీ అని పక్కవాడు వెంటనే అడిగేస్తాడు. మీకా టెన్షన్ లేదు. కర్త లేకుండానే మీ వాక్యం నడిచిపోతుంది.

కర్త ఉన్నచోటైతే మరీ అందం. 1892లో ఫ్రెంచి జనరల్ డాడ్స్ సైన్యంతో దహోమీ (పశ్చిమ ఆఫ్రికాలో నేటి బెనిన్) రాజధాని అబోమే మీద పడ్డాడు. రాజు బెహాంజిన్ తన కోటకు తానే నిప్పుపెట్టి వెళ్లిపోయాడు. కాలకుండా మిగిలిన సింహాసనాలు, చెక్కిన తలుపులు, మన నరసింహస్వామికి దూరపు చుట్టంలా సగం మనిషి సగం సింహంగా ఉన్న ఆయన తండ్రి గ్లెలే రాజు విగ్రహం పారిస్ చేరాయి. దాత: జనరల్ డాడ్స్ అన్నారు తమరు. అబద్ధమని ఎలా అనను? మ్యూజియానికి ఇచ్చింది ఆయనే. గుళ్లో ట్యూబ్‌లైటు మీద వెలుతురు రాకుండా పేరు రాయించుకునే దాతలు మాకూ ఉన్నారు. కాకపోతే ఆ ట్యూబ్‌లైటు పక్కింట్లోంచి పీక్కొచ్చింది కాదు.

ఆ సామాను మాకిచ్చేయండని 2016లో బెనిన్ అడిగితే, ప్రభుత్వ సేకరణలోకి వచ్చినది బయటికి పోకూడదు, అది చట్టం అన్నారు. ఆ సూత్రం వేళ్లు 1566 నాటి రాజశాసనం దాకా పోతాయట. లోపలికి రావడానికి మాత్రం ఏ శాసనమూ అడ్డురాలేదు. చివరికి 2020లో పార్లమెంటు ప్రత్యేకంగా ఒక చట్టం చేస్తేగానీ 26 వస్తువులు కదల్లేదు. 2021 నవంబరులో ఇల్లు చేరాయి. సహారాకు దిగువనున్న ఆఫ్రికా వస్తువులు ఫ్రాన్స్ ప్రభుత్వ మ్యూజియాల్లో దాదాపు 90,000 ఉన్నాయని 2018 నివేదిక లెక్కతేల్చింది. తీసివేత మీరే చేసుకోండి.

'సేకరణ' అనే మాట మీద మీకు ప్రత్యేకమైన ప్రేమ. 1931లో మ్యూజియం కోసం వస్తువులు పోగుచేస్తూ ఆఫ్రికా దాటిన ఫ్రెంచి డకార్–జిబూతీ యాత్ర బృందం నేటి మాలిలోని ఒక ఊరికి వెళ్లి, అక్కడివాళ్లు పూజించే కొనో అనే పవిత్ర వస్తువును అడిగింది. ఇస్తే పది ఫ్రాంకులు, లేకపోతే లారీలో దాక్కున్న పోలీసులు దిగుతారు అని బేరం. లారీలో పోలీసులు లేరు లెండి. ఈ సంగతి బృందం కార్యదర్శి మిషెల్ లీరిస్ సిగ్గుపడుతూ డైరీలో రాసుకున్నాడు. ఆయనకు డైరీ దొరికింది, మీకు చోటు దొరకలేదు.

ఆఫ్రికా వాళ్లకే ఈ మర్యాద అనుకునేరు. నెపోలియన్ సేన 1797లో వెనిస్ మఠం భోజనశాల నుంచి వెరోనీసే గీసిన, బైబిల్ కథలోని కానా ఊరి పెళ్లి చిత్రాన్ని దించింది. దాదాపు పది మీటర్ల వెడల్పు. ముక్కలు చేసి తీసుకొచ్చారు. 1815లో నెపోలియన్ ఓడిపోయాక ఎవరి సొమ్ము వాళ్లకు ఇవ్వాల్సి వచ్చినప్పుడు, పాపం చాలా సున్నితమైనది, ప్రయాణం తట్టుకోలేదు అన్నారు. వచ్చేటప్పుడు ఆరోగ్యంగానే వచ్చింది, వెళ్లమంటేనే ఒంట్లో బాగోలేదు! బదులుగా ఫ్రెంచి చిత్రకారుడు లెబ్రన్ బొమ్మ ఒకటి పంపి సరిపెట్టారు. ఇప్పుడా కానా పెళ్లి పారిస్ లూవ్ర్ మ్యూజియంలో మోనాలిసాకు ఎదురుగోడ మీద ఉంది. జనమంతా దానికి వీపుచూపి సెల్ఫీలు దిగుతుంటారు. మోనాలిసాను రాజు దర్జాగా సంపాదించుకున్నాడు, దొంగసొత్తు కాదు. 1911లో దాన్ని ఎత్తుకుపోయిన ఇటలీవాడు మాత్రం నెపోలియన్ దోచుకున్నదే అనుకున్నాడు. మీ ఇంటి పేరు అలాంటిది మరి.

ఇక 2025 అక్టోబరు 19. పట్టపగలు నిచ్చెన లారీతో వచ్చినవాళ్లు, ఏడెనిమిది నిమిషాల్లో లూవ్ర్ అపోలో గ్యాలరీలోంచి ఎనిమిది నగలు పట్టుకుపోయారు. దేశమంతా దొంగలు, దొంగలు అని కేకలు. మీ భాషలో దాన్ని 'సేకరణ, 2025' అంటారు కదండీ?

ఇట్లు,
మీ వ్యాకరణానికి అభిమాని

తా.క. ఆ రోజు ఆ గ్యాలరీలోనే రీజెంట్ వజ్రం కూడా ఉండింది, 140 క్యారెట్లు. వచ్చినవాళ్లు దాన్ని ముట్టుకోలేదు. అది పుట్టింది మా కృష్ణ ఒడ్డున. కొల్లూరని కొందరు, పరిటాలని కొందరు. 1717లో ఫ్రాన్స్ రీజెంటు, అంటే చిన్నపిల్లాడైన రాజు తరఫున పాలించినాయన, డబ్బిచ్చే కొన్నాడు, కాబట్టి తిరిగిమ్మని అడగను. కొన్నాయన హోదానే రాయికి పేరైంది. కొల్లూరు గనులా? పులిచింతల నీళ్లలో మునిగాయి. అక్కడ చీటీ పెట్టడానికి గోడ కూడా లేదు.