వాడు ‘చాలు’ అంటున్నాడు

మధ్యాహ్నం మూడున్నరకి బస్సు వస్తుంది. మావాడు దిగగానే ముందు వాడి బ్యాగు తెరుస్తాను. లంచ్ బాక్సు ఎంత ఖాళీ అయింది, చొక్కా చేతికి ఏ రంగు అంటింది, బూట్లు ఏ కాలివి ఆ కాలికే ఉన్నాయా అని చూస్తాను. కిండర్‌గార్టెన్‌లో చేరిన మూడోరోజు ఎడమ బూటు కుడికాలికి ఉంది. అంటే మధ్యలో ఎప్పుడో విప్పాడు. ఎందుకు విప్పాడు? ఏడ్చాడా? వాడే మళ్ళీ వేసుకున్నాడా? వాడే వేసుకుని ఉంటే మా ఇంట్లో అది పండగ. ఎవరూ పట్టించుకోక అలా వదిలేసి ఉంటే? ఆ రాత్రంతా నాకు నిద్ర లేదు.

అందరు తల్లుల్లాగే నేనూ అడుగుతాను, “ఈరోజు స్కూల్లో ఏం చేశావు నాన్నా?” అని. వాడికి ఆటిజం. ఐదేళ్ళు నిండాయి. మాటలు ఓ పదిహేను వచ్చాయి. స్కూల్లో ఏం జరిగిందో చెప్పడానికి ఆ పదిహేనూ సరిపోవు.

డాక్టరు ఆటిజం అని చెప్పిన రోజు కన్నా కిండర్‌గార్టెన్ మొదటి రోజే నన్ను ఎక్కువ కుంగదీసింది. దానికి కారణం నాకు నేను పెట్టుకున్న గడువు. “కొంతమంది మగపిల్లలకి ఆలస్యమవుతుందమ్మా, స్కూలుకెళ్ళే వేళకి గలగలా మాట్లాడేస్తాడు చూడు” అని పెద్దవాళ్ళు ఫోన్లో ధైర్యం చెబుతుంటే ఊఁ కొడుతూనే, మనసులో ఆ రోజుకి ముడి వేసుకున్నాను. ప్రీస్కూల్లో ఉన్నన్నాళ్ళూ ఇంకా టైముందిలే అనుకోగలిగాను. ఆగస్టులో ఆ టైము అయిపోయింది. బస్సు తలుపు మూసుకున్నాక రోడ్డు మీదే నిలబడి ఏడ్చాను. వాడు మాత్రం కిటికీ అద్దానికి అరచెయ్యి ఆనించి, ఇంజిను అదురు చేతికి తగులుతుంటే నవ్వుకుంటున్నాడు.

ఈ దుఃఖం ఉంటుంది. ఉండకూడదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. కానీ ఈ పత్రికకి రాయాలనుకున్నది దాని గురించి మాత్రమే కాదు. మనం, ముఖ్యంగా అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్ళం, స్కూలు మీటింగుల్లో నోరు విప్పడం లేదు. ఆ నష్టం మాటలు రాని పిల్లల మీద పడుతోంది. నా ఇంట్లో పడింది కాబట్టే చెబుతున్నాను.

మే నెలలో మావాడి ఐఈపీ మీటింగు జరిగింది. బిడ్డకి ఏ సాయం కావాలి, వారానికి ఎన్ని నిమిషాలు, ఏ లక్ష్యం కోసం అన్నది రాసి ఉంచే ప్లాన్ అది. బల్ల చుట్టూ స్పీచ్ థెరపిస్టు, ఆక్యుపేషనల్ థెరపిస్టు, సైకాలజిస్టు, ఇద్దరు టీచర్లు, స్కూల్ డిస్ట్రిక్ట్ తరఫున ఒకరు, మేమిద్దరం. గంటసేపు జరిగితే అందులో నేను మాట్లాడింది రెండు నిమిషాలుండదు. టీచరుకి ఎదురు చెప్పకూడదని పెరిగినవాళ్ళం. అంతా చదివి వినిపించి “మీరేమైనా చెప్పాలా?” అని అడిగితే “నో, ఆల్ గుడ్, థాంక్యూ” అని లేచి వచ్చేశాం.

ఇక్కడి చట్టం మాత్రం మనల్ని అలా విని లేచి వచ్చేవాళ్ళుగా చూడదు. వైకల్యం ఉన్న పిల్లల చదువు కోసం 1975లో వచ్చి, 1990 నుంచి ఐడీఈఏ పేరుతో నడుస్తున్న ఆ చట్టం ప్రకారం తల్లిదండ్రులు ఐఈపీ టీములో సభ్యులు. ఏడాదికోసారి సమీక్ష తప్పనిసరి, మధ్యలో అవసరమైతే మనమే మీటింగు అడగొచ్చు. ఇంగ్లీషు కష్టమైతే, అక్కడ జరిగేది మనకి అర్థమయ్యేలా ఇంటర్‌ప్రెటర్‌ని ఏర్పాటు చేయాల్సింది స్కూలే. మొట్టమొదటి ఐఈపీ అయితే మన సంతకం లేనిదే సేవలు మొదలుపెట్టడానికి వీల్లేదు. కాగితాలు ఇంటికి తెచ్చుకుని నింపాదిగా చదువుకోవడంలో తప్పేమీ లేదు. 2017లో ఎండ్రూ అనే ఆటిజం ఉన్న అబ్బాయి కేసులో అమెరికా సుప్రీంకోర్టు, ఏదో నామమాత్రంగా ముందుకెళ్తే సరిపోదు, ఆ బిడ్డ పరిస్థితికి తగిన పురోగతి వచ్చేలా ప్లాన్ ఉండాలని చెప్పింది. వీసా మీద ఉన్నాం, గట్టిగా అడిగితే ఏమవుతుందోనని జంకే కుటుంబాలు నాకు తెలుసు. ఇమ్మిగ్రేషన్ స్టేటస్ చూసి పిల్లలకి పబ్లిక్ స్కూలు చదువు కాదనకూడదని అదే కోర్టు 1982లోనే చెప్పింది.

ఇవన్నీ నేను ఆలస్యంగా చదువుకున్నాను. చదువుకునేలా చేసింది అక్టోబరులో వచ్చిన ఒక ఫోను.

మావాడి టీచరు చేసింది. మ్యూజిక్ క్లాసులో చెవులు మూసుకుని అరుస్తున్నాడట, పక్కనున్న పాపని తోశాడట. ఆవిడ గొంతులో కోపం లేదు, ఎలాగైనా అర్థం చేసుకోవాలన్న తపన ఉంది. “అరిచే ముందు ఒక శబ్దం పదేపదే చేస్తాడు, ‘జాలూ జాలూ’ అని. మీకేమైనా తెలుసా?” అని అడిగింది.

ఫోను పట్టుకుని అలాగే కూలబడిపోయాను. వాడు ‘చాలు’ అంటున్నాడు. తల దువ్వడం ఎక్కువసేపు అయితే అంటాడు, స్నానం చేయిస్తుంటే నీళ్ళు చెవిలో పడితే అంటాడు. అరవకముందే, ఎవరినీ తోయకముందే, వాడికి చేతనైన మాటతో మర్యాదగా అడిగాడు. స్కూలు తెరిచినప్పటి నుంచీ అడుగుతూనే ఉన్నాడు.

అది మాటేనని అక్కడ ఎవరికీ తెలియదు, ఎందుకంటే నేను చెప్పలేదు. ఇంట్లో ఏ భాష మాట్లాడతారని ఫారంలో అడిగితే ఇంగ్లీషు అని రాశాను. వాడికి రెండున్నరేళ్ళప్పుడు ఒకరు “రెండు భాషలు వాడికి బరువు, ఇంగ్లీషే మాట్లాడండి” అని సలహా ఇచ్చారు. కొన్ని నెలలు అలాగే చేశాం. కానీ జ్వరంతో మూలుగుతున్న బిడ్డని ఒళ్ళో వేసుకుని లాలించడానికి నాకు ఇంగ్లీషులో మాటలు దొరకలేదు. మళ్ళీ తెలుగులోకి వచ్చేశాం. ఏదో తప్పు చేస్తున్నట్టు ఆ సంగతి దాచాం. ఆటిజం ఉన్న పిల్లల మీదా, డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల మీదా జరిగిన పరిశోధనల్లో, రెండు భాషలు వినడం వల్ల మాటలు ఇంకా వెనకబడతాయని తేలలేదు. పైగా, వీలున్నంతవరకు బిడ్డ సొంత భాషలోనే పరీక్షలు చేయాలని చట్టమే చెబుతోంది. మనం ఏ భాషో చెప్పకపోతే వాళ్ళకెలా తెలుస్తుంది?

వాడి పదిహేను మాటల్లో తొమ్మిది తెలుగువి. ఆ రాత్రే వాటన్నిటినీ ఒక కాగితం మీద రాశాను. ఎలా పలుకుతాడు, ఎప్పుడంటాడు, అన్నప్పుడు ఏం చేయాలి అని. ఆ కాగితాన్ని ఐఈపీలో చేర్చమని, రోజూ రెండు లైన్లయినా నోట్‌బుక్‌లో రాసి పంపమని మీటింగు పెట్టించి అడిగాను. ఆరోజు ఎక్కువ మాట్లాడింది నేనే. ఎవరూ విసుక్కోలేదు.

మన తెలుగు అసోసియేషన్ వేడుకల్లో ఇన్నాళ్ళూ మేం తలుపు పక్కనే కూర్చునేవాళ్ళం, వాడికి గోల ఎక్కువైతే బయటికి తీసుకెళ్ళడానికి. ఎవరైనా పలకరిస్తే “వాడికి కాస్త సిగ్గండీ” అనేదాన్ని. ఇప్పుడు అనడం లేదు. ఆటిజం అనే చెబుతున్నాను. అలా చెప్పడం మొదలుపెట్టాకే మరో ముగ్గురు తల్లులు, పార్కింగ్ లాటులో, గొంతు తగ్గించి, వాళ్ళ పిల్లల గురించి నాతో చెప్పారు. ఒకావిడ ఐఈపీ కాగితాలు ఏడాదిగా కారులోనే ఉన్నాయట, ఇంట్లో అత్తగారు చూస్తారని.

కమిటీని నేను అడిగేది రెండే. ప్రతి వేడుకలోనూ ఒక చిన్న గది ఖాళీగా, మైకు మోత లేకుండా ఉంచండి. స్కూళ్ళు తెరిచే ముందు ఒక శనివారం, ఈ దారిలో ఇప్పటికే నడిచిన తల్లిదండ్రులూ కొత్తగా వచ్చేవాళ్ళూ కలిసి కూర్చుని ఆ కాగితాలు చదువుకునే ఏర్పాటు చేయండి. ఆ గదిలో కుర్చీలు వేయడం దగ్గర్నుంచి నేనుంటాను.

ఇప్పుడు మావాడి క్లాసులో తలుపు పక్కన, పిల్లల కంటికి అందే ఎత్తులో ‘చాలు’ అని రాసి అతికించారు. తెలుగు అక్షరాలు నేను రాసిచ్చినవే. కింద టీచరు ఇంగ్లీషులో రాసుకుంది. మొన్న నోట్‌బుక్‌లో ఇలా ఉంది: “మ్యూజిక్‌లో రెండుసార్లు చాలు అన్నాడు. వరండాలోకి తీసుకెళ్ళాం. కాసేపటికి తనే లోపలికి వచ్చాడు.”

బూట్లు ఇంకా కొన్ని రోజులు తారుమారుగానే వస్తున్నాయి. నిన్న ఆ సంగతి కూడా అడిగాను. “వాడే వేసుకున్నాడు. నాలుగు నిమిషాలు పట్టింది. మేమెవరం చెయ్యి వేయలేదు” అని రాసి పంపింది.