జవాన్ల పేరు చెప్పి మా నోరు మూయించకుర్రి

మళ్లీ అదే మాట. మా కాలనీ వాట్సాప్ గ్రూప్‌ల ఎవరో స్టూడెంట్స్ ప్లకార్డులు పట్టుకుని కూర్చున్న ఫోటో పెట్టిన్రు, చాయ్ తాగేంత టైం కూడా కాలే, కింద వచ్చేసింది: "అక్కడ బార్డర్‌ల జవాన్లు ప్రాణాలిస్తుంటే ఇక్కడ వీళ్లకు ధర్నాలు కావాల్నా?" దాని కింద వరసగా దండాలు, జెండాలు. ఆ పిల్లలు అడిగింది ఏందో తెలుసా, హాస్టల్ మెస్ సంగతి. మెస్‌ల అన్నం బాగలేదంటే మనోళ్లకు సియాచిన్ గుర్తొస్తది. పెట్రోల్ రేటు అడిగితే సియాచిన్, నోట్ల రద్దప్పుడు ఏటీఎం లైన్ల నిలబడి గొణిగితే అప్పుడూ సియాచిన్. ఆ గడ్డకట్టే చలిల డ్యూటీ చేసే పిలగాన్ని వీళ్లు తల్చుకునేది ఎదుటోడి నోరు మూయించాల్సి వచ్చినప్పుడే, మిగతా టైంల వాడు తిన్నడా, పెన్షన్ వస్తుందా, ఎవ్వడికీ పట్టదు.

నేనుండేది సికింద్రాబాద్ సైడ్. సైనిక్‌పురి, నేరేడ్‌మెట్, అల్వాల్, తిరుమలగిరి, ఈ ఏరియాల ఏ గల్లీకి పోయినా ఒక రిటైర్డ్ హవల్దారో సుబేదారో కల్నలో ఉంటరు. వాళ్ల దగ్గర కూర్చుంటే దేశభక్తి మీద స్పీచ్ ఇయ్యరు. ఈసీహెచ్‌ఎస్ కార్డు, అంటే మాజీ సైనికుల వైద్యం కార్డు, పట్టుకుని పోతే రెఫరల్ కాయితం కోసం ఎన్నిసార్లు తిప్పుతరో చెప్తరు, రక్షణ శాఖ పెన్షన్లు చూసే స్పర్శ్ పోర్టల్‌ల లైఫ్ సర్టిఫికెట్ ఎక్కక పెన్షన్ ఆగిన సంగతి చెప్తరు, క్యాంటీన్‌ల ఏ సామాను ఎప్పుడు దొరుకుతదో చెప్తరు. ఏఓసీ సెంటర్ అనే ఆర్మీ ఏరియాల రోడ్లు మూసినప్పుడు మల్కాజ్‌గిరి, సఫిల్‌గూడ జనం రోడ్డెక్కిన్రు కదా, మా గల్లీ రిటైర్డ్ సుబేదార్ అంకుల్ కూడా పోయి నిలబడ్డడు, ఆయన నౌకరీ చేసిన ఆర్మీ మీదనే. 2018ల రక్షణ శాఖ కంటోన్మెంట్‌లల్ల మూసిన రోడ్లు తెరవమని ఆర్డర్ ఇచ్చేదాకా ఆ లొల్లి నడిచింది, ఆ తర్వాత కూడా పూర్తిగా అయిపోలేదనుకోండి. ఆ అంకుల్‌ని ఎవరన్నా దేశద్రోహి అన్నరా? అంటే ఆయనే లెంపకాయ ఇస్తడు.

ధర్నా చేసుడు సైనికుడికి అవమానం అనేటోళ్లు 2015 ఒకసారి గుర్తు తెచ్చుకోవాలె. వన్ ర్యాంక్ వన్ పెన్షన్ కోసం, అంటే ఒకే ర్యాంకుల ఒకే సర్వీసు చేసినోళ్లకు ఎప్పుడు రిటైరైనా ఒకే పెన్షన్ కోసం, మాజీ సైనికులు జూన్‌ల ఢిల్లీల ధర్నాల జాగ జంతర్ మంతర్ కాడ కూర్చున్నరు. డెబ్బై ఏండ్లోళ్లు, ఎనభై ఏండ్లోళ్లు, యుద్ధాలు చూసి వచ్చినోళ్లు, ఛాతీ మీద మెడల్స్ పెట్టుకుని టెంట్ కింద రిలే నిరాహారదీక్ష చేసిన్రు. ఆగస్టు 14న, అంటే ఎర్రకోట మీద జెండా ఎగరేసేటందుకు ఒక్క రోజు ముందు, సెక్యూరిటీ అని చెప్పి ఢిల్లీ పోలీసులు వాళ్లను లాగి ఖాళీ చేపియ్యబోయిన్రు. చొక్కా చినిగిపోయిన ముసలి సిపాయి, ఆ చొక్కా మీద మెడల్స్, ఆ ఫోటోలు దేశమంతా చూసింది. తెల్లారి టీవీల సైనికుల త్యాగాల గురించి మస్తు మాటలు చెప్పిన్రు. ఆఖరికి నవంబర్‌ల ఆర్డర్ వచ్చింది గానీ మేము అడిగింది ఇది కాదని వాళ్లు లేవలే, కొందరు మెడల్స్ వాపస్ ఇచ్చుడు మొదలుపెట్టిన్రు. 2017ల సౌండ్ పొల్యూషన్ పేరు మీద, పర్యావరణ కేసులు చూసే గ్రీన్ ట్రిబ్యునల్ జంతర్ మంతర్‌ల ధర్నాలే వద్దంటే, దాని మీద సుప్రీంకోర్టుకు పోయినోళ్లల్ల మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ ఒకటి, మాజీ సైనికుల సంఘం ఇంకోటి. 2018 జులైల సుప్రీంకోర్టు పూర్తిగా బంద్ పెట్టుడు కుదరదు, రూల్స్ పెట్టుకోండి గానీ జాగ ఇయ్యాల్సిందే అని చెప్పింది. అంటే ఇయ్యాల మీరూ నేనూ ఢిల్లీకి పోయి ఓ బోర్డు పట్టుకుని నిలబడగలుగుతున్నమంటే అందుల ఆర్మీ పెన్షనర్లు కొట్లాడి తెచ్చిన వాటా ఉంది. మన ఇందిరా పార్క్ ధర్నాచౌక్ కూడా గట్లనే, 2017ల బంద్ పెట్టిన్రు, మళ్లా 2018ల హైకోర్టు చెప్తేనే తెరిచిన్రు. సర్కారు ఏ పార్టీదైనా ధర్నా అంటే తలనొప్పే, అందుల కొత్తేం లేదు.

ఇగ మన ఊరి ముచ్చటకు వస్త. 2022 జూన్ 17, సికింద్రాబాద్ రైల్వే స్టేషన్. అగ్నిపథ్ అంటే పెన్షన్ లేకుంట నాలుగేండ్లకే జవాన్లను తీసుకునే స్కీం, దాని మీద గొడవ. రైళ్లు తగలబెట్టిన్రు, పార్శిల్ సామాను కాల్చిన్రు, అది తప్పు, దాన్ని నేను వెనకేసుకు రాను, ఆ బోగీలల్ల ప్యాసింజర్లు ఉన్నరు. కానీ ఆ పొద్దు ప్లాట్‌ఫాం మీద ఉన్నోళ్లు ఎవరు? ఊర్లల్ల తెల్లారకముందే లేచి రోడ్ల మీద ఉరికేటోళ్లు, ఫిజికల్, మెడికల్ పాసై రాత పరీక్ష కోసం ఏండ్ల నుంచి ఎదురు చూస్తున్నోళ్లు. కాల్పులల్ల ఒక పిలగాడు సచ్చిపోయిండు, వరంగల్ దిక్కు పిలగాడు, ఆర్మీల చేరాల్నని తిరిగినోడు. ఆ ముందు రోజు దాకా గ్రౌండ్‌ల ఉరుకుతుంటే "మన జవాన్లు" అనిపించినోళ్లు పొద్దెక్కేసరికి "సంఘ విద్రోహ శక్తులు" అయిపోయిన్రు. అదే పిలగాడు సెలెక్ట్ అయ్యి, బార్డర్‌ల పోయి ఉంటే, ఇదే వాట్సాప్ గ్రూప్‌ల ఆయన ఫోటో డీపీగా ఉండేది. సికింద్రాబాద్‌ల సచ్చిండు కాబట్టి ఎవ్వరికీ పేరు కూడా యాదికి లేదు.

వాళ్లు ఆ రోజు అడిగిన ప్రశ్న ఏందో 2025 మేల తెలిసొచ్చింది. మురళీ నాయక్, శ్రీ సత్యసాయి జిల్లా గోరంట్ల మండలం కల్లితండా, ఆ అగ్నిపథ్ స్కీంల చేరిన జవాను, అంటే అగ్నివీర్. ఆపరేషన్ సిందూర్ టైంల జమ్మూకశ్మీర్‌ల పాకిస్తాన్ కాల్పులల్ల సచ్చిపోయిండు. తండా తండా అంతా కదిలింది, మంత్రులు వచ్చిన్రు, పాడె మోసిన్రు, ఏపీ సర్కారు 50 లక్షలు, 5 ఎకరాల పొలం, ఇంటి జాగ, ఇంట్ల ఒకరికి నౌకరీ అన్నది. మంచిదే, ఎవరు కాదంటరు. అయితే అగ్నివీర్‌గా పోయినోడి ఇంటికి ఇన్సూరెన్స్ 48 లక్షలు, ఎక్స్‌గ్రేషియా ఇట్ల ఒక్కసారి వచ్చే పైసలున్నయి గానీ నెలనెలా ఫ్యామిలీ పెన్షన్ లేదు. అదే బంకర్‌ల, అదే గుండుకు రెగ్యులర్ జవాను పోతే ఇంటోళ్లకు ఆయన ఆఖరి జీతమంత పెన్షన్ బతికున్నన్ని రోజులు వస్తది. ఈ తేడా ఎందుకని మురళీ నాయక్ వాళ్ల అమ్మ అదే ఏడాది బాంబే హైకోర్టుకు పోయింది. ఇప్పుడు చెప్పుండ్రి, ఆ తల్లి కూడా ప్రశ్నిస్తున్నది కదా, ఆమెకు కూడా సియాచిన్ ఫార్వర్డ్ పంపుతరా?

గల్వాన్ గుర్తుందా. 2020 జూన్ 15, చైనా సైన్యంతోని కొట్లాటల ఇరవై మంది పోయిన్రు, మన సూర్యాపేట కల్నల్ సంతోష్ బాబు గారు వాళ్లకు కమాండింగ్ ఆఫీసర్. తెలంగాణ సర్కారు ఆ ఇంటికి 5 కోట్లు, బంజారాహిల్స్‌ల ప్లాటు, ఆయన భార్యకు గ్రూప్-1 నౌకరీ ఇచ్చింది, మిగిలిన 19 మంది కుటుంబాలకు తలా 10 లక్షలు అనౌన్స్ చేసింది. వేరే రాష్ట్రాలోళ్లకు కూడా ఇచ్చిన్రంటే నాకు గర్వంగనే అనిపించింది. కానీ చావు మీద పబ్లిక్ ఎంత ఏడిస్తే చెక్కు అంత పెద్దగైతది, ఇది మాత్రం నాకు మింగుడు పడదు. కెమెరాలు లేని టైంల, ఏ హిమపాతంలనో జీప్ లోయల పడో పోయినోడికి కూడా అదే లెక్క ఉండాలె కదా. సీఆర్‌పీఎఫ్ లాంటి పారామిలటరీ వాళ్ల సంగతి ఇంకా ఘోరం. 2019ల పుల్వామాల 40 మంది పోయినప్పుడు నెక్లెస్ రోడ్డంతా క్యాండిల్సే, ఆ మైనం మరకలు నేనూ చూసిన. 2004 నుంచి చేరిన పారామిలటరీ వాళ్లకు పాత పెన్షన్ లేదు, దాని కోసం వాళ్లు కోర్టుల చుట్టూ తిరుగుతున్నరు, ఆ క్యాండిల్స్ పట్టుకున్నోళ్లల్ల ఒక్కరన్నా దాని గురించి పోస్ట్ పెట్టంగ నేను చూడలే. క్యాండిల్ పదిరూపాయలకు వస్తది కాబట్టి.

సైనికుడికి దండం పెడ్తే యుద్ధానికి కూడా దండం పెట్టినట్టేనా అని నన్ను అడిగితే, కాదు అనే అంట. ఢిల్లీల తీన్‌మూర్తి కాడ ఉన్న మూడు విగ్రహాలల్ల ఒకటి మన హైదరాబాద్ లాన్సర్స్‌ది, ఎంతమందికి తెలుసు? జోధ్‌పూర్, మైసూర్, హైదరాబాద్, ఈ మూడు సంస్థానాల గుర్రపు దళాలు మొదటి ప్రపంచ యుద్ధంల బ్రిటిషోళ్ల తరఫున పాలస్తీనా, సిరియా దిక్కు కొట్లాడినయి. ఎవరి యుద్ధం అది? నిజాం పంపిండు, కింగ్ జార్జ్ కోసం పోయిన్రు. ఆ యుద్ధం నాకు నచ్చాల్సిన పని లేదు, అయినా ఆ విగ్రహం ముందట బస్సుల పోతుంటే మనసు ఓసారి ఆగుతది. ఇండియా గేట్ కూడా గంతే, ఆ పేర్లన్నీ తెల్లోడి సామ్రాజ్యం కోసం పోయినోళ్లయి. మరి 2012 డిసెంబర్‌ల ఢిల్లీ ఆడపిల్లలు నిర్భయకు న్యాయం కావాలని ఇండియా గేట్ కాడికే వస్తే వాటర్ క్యానన్ కొట్టిన్రు. ఆ రాళ్ల మీదున్న సిపాయిలకు ఆ పిల్లల స్లోగన్లు అవమానమా, వాటర్ క్యానన్ అవమానమా, మీరే చెప్పుండ్రి.

రెండో వైపు కూడా చెప్పాలె, లేకుంటే నేను కూడా ఒక పార్టీ కార్యకర్త లెక్క అయిత. శ్రీలంకకు పోయిన శాంతి సేనల మనోళ్లు వెయ్యి మందికి పైన సచ్చిపోయిన్రు. 1990 మార్చిల చివరి బ్యాచ్ మద్రాసుల ఓడ దిగితే అప్పటి ముఖ్యమంత్రి కరుణానిధి స్వాగతానికి పోలే. ఆ యుద్ధం మీద ఆయన కోపం న్యాయమే కావచ్చు, కానీ ఆ ఓడ దిగినోడు ఆ నిర్ణయం తీసుకోలే కదా, పొమ్మంటే పోయిండు. పోయింది రాజీవ్ గాంధీ చెప్తే, ముఖం తిప్పుకున్నది సిపాయి మీద. అది నాకు నచ్చదు. లండన్‌ల 2010ల కొందరు సరిగ్గా రెండు నిమిషాల మౌనం టైంల యుద్ధంల పోయినోళ్ల యాదిల పెట్టుకునే ఎర్ర పాపీ పువ్వులు కాలబెట్టి అరిచిన్రు, అందుల ఒకనికి కోర్టు 50 పౌండ్లు ఫైన్ వేసింది. ఛండాలమైన పని. కానీ 50 పౌండ్లు సరిపోయింది అంట నేను, జైల్ల వేసుంటే వానికి హీరో అయ్యే ఛాన్స్ ఇచ్చినట్టు. 2023 నవంబర్ 11న అదే లండన్‌ల గాజా మీద పెద్ద ర్యాలీ ఉంటే, స్మారక దినం నాడు ర్యాలీ ఏందని హోం మినిస్టర్ లొల్లి లొల్లి చేసింది. ర్యాలీ రూటేమో యుద్ధ స్మారకం సెనొటాఫ్‌కు దూరంగ హైడ్ పార్క్ నుంచి అమెరికా ఎంబసీకి. ఆఖరికి పొద్దున్నే సెనొటాఫ్ కాడ పోలీసులతోని కొట్లాడింది ఎవరయ్యా అంటే, స్మారకాన్ని కాపాడుతం అని వచ్చిన బ్యాచ్! రెండు రోజులకు ఆ మినిస్టర్ పోస్టు కూడా ఊడింది.

ఇంకోటి, అమెరికాల కేపర్నిక్ అనే ఫుట్‌బాల్ ప్లేయర్ 2016ల జాతీయ గీతం టైంల పోలీసులు నల్లోళ్లను సంపుతున్నరని ముందు కూర్చున్నడు, తర్వాత మోకాలి మీద వంగిండు. సైన్యానికి అవమానం అని తిట్టిన్రు, ఆ సీజన్ తర్వాత ఏ టీమూ తీసుకోలే. కూర్చోకు, మోకాలి మీద వంగు అని సలహా ఇచ్చింది నేట్ బోయర్ అని ఒక మాజీ కమాండో, ఎందుకంటే తోటి సిపాయి సమాధి ముందు వాళ్లు అట్లనే వంగుతరు. తిట్టినోళ్లకు ఇది తెల్వదు, తెలుసుకోవాల్నని కూడా లేదు. మన దగ్గర సినిమా హాల్ల జనగణమన లొల్లి కూడా గదే బాపతు, 2016ల సుప్రీంకోర్టు తప్పనిసరి అన్నది, 2018ల అదే కోర్టు థియేటరోళ్ల ఇష్టం అన్నది. నడుమల ఏడాది పాటు పాప్‌కార్న్ పట్టుకుని ఒకర్నొకరు చూసుకుంట నిలబడ్డం. నేనైతే ఇప్పుడూ నిలబడ్త, పక్కోడు లేచిండా లేదా అని మాత్రం చూడ.

మరి నాకు హద్దు లేదా అంటే ఉంది. ఇంట్ల శవం ఉన్న రోజు ఆ ఇంటి ముందర ఎవ్వడూ స్లోగన్ ఇయ్యొద్దు, ఏ పార్టీ, ఏ ఇష్యూ అయినా సరే. ఆ రోజు ఆ ఇంటోళ్లది. అయితే ఈ రూల్ అందరికీ అంటే ఫస్ట్ ఆపాల్సింది ఫ్లెక్సీలు. జవాను బాడీ ఊర్లకు రాకముందే చౌరస్తాల ఫ్లెక్సీ లేస్తది, అందుల సచ్చిపోయిన పిలగాని ఫోటో ఇంత, శ్రద్ధాంజలి ఘటించే లీడర్ ఫోటో అంత, కింద వార్డ్ మెంబర్ల దాకా పాస్‌పోర్ట్ ఫోటోలు. అంతిమయాత్ర ముందల సెల్ఫీలు, జిందాబాద్‌లు ఎవరికయ్యా అంటే వచ్చిన మినిస్టర్‌కి. ప్లకార్డు పట్టుకున్న స్టూడెంట్ ఇంతకంటే పెద్ద పాపం ఏం చేసిండో నాకు అర్థం కాదు.

గన్‌పార్క్ కాడికి పోండ్రి ఓసారి, అసెంబ్లీ ఎదురుంగ. 1969ల తెలంగాణ అడిగి పోలీసు తుపాకులకు బలైనోళ్ల స్తూపం, 369 మంది అని చెప్పుకుంటం. వాళ్లు ఏ బార్డర్‌ల పోలే, రోడ్ల మీద పోయిన్రు, ధర్నాలల్ల, ర్యాలీలల్ల. అప్పటి సర్కారుకు వాళ్లు అల్లరిమూకలు. ఇయ్యాల ఏ పార్టీ ముఖ్యమంత్రి అయినా జూన్ 2న ముందు అక్కడికి పోయి పూలు పెట్టి తల వంచాల్సిందే, ఆ తర్వాతనే మిగతా ప్రోగ్రాం. మరి అదే రోజులల్ల ఉద్యోగ నోటిఫికేషన్లు ఎప్పుడని అడుగుతరేమో అన్న అనుమానానికే నిరుద్యోగులను, స్టూడెంట్ లీడర్లను తెల్లారుజామున ఇండ్ల కాడికి వచ్చి ఎత్తుకపోతరు, ముందస్తు అరెస్టులకు వాడే పాత 151 సెక్షన్ పోయి ఇప్పుడు కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్ల 170 వచ్చింది, పని మాత్రం అదే, పొద్దుగూకినాక పొమ్మంటరు. స్తూపం కాడ పూలు పెట్టే టైంకు వాళ్లు ఏదో పోలీస్ స్టేషన్ బెంచీ మీద కూర్చుని ఫోన్ల లైవ్ చూస్తుంటరు. గ్రూప్‌ల మెస్ పిల్లల ఫోటో కింద జెండాలు పెట్టిన అన్నలు, అంకుల్స్ అందరినీ నేను అడిగేది ఒక్కటే, 1969ల మీకు వాట్సాప్ ఉండుంటే ఆ పిల్లల ఫోటో కింద ఏం పెట్టెటోళ్లు?