ఆగకూడని బండి

చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై రేసు ట్రాకులో ఆదివారం నాడు బండి నడపడానికి డబ్బు కట్టి ఉన్నాను కనుక, శుక్రవారం సాయంత్రమే ముందు చక్రానికి కొత్త సింటర్డ్ (లోహపు పొడిని వేడి మీద అదిమి చేసిన) బ్రేక్ ప్యాడ్లు వేయించాను. సుమారు 3.7 కిలోమీటర్ల చుట్టులో 12 మలుపులున్న ఆ ట్రాకు మీద అరిగిపోయిన పాత ప్యాడ్లను నమ్ముకునేటంత భక్తి నాకు లేదు. మెకానిక్కు కొత్తవాటిని బిగించి, బ్రేకు లివర్ గట్టిపడేదాకా పదిసార్లు నొక్కి చూసి, "ఇవి ఇంకా పచ్చివన్నా, కొంచెం కాల్చుకుని వాడుకో" అన్నాడు.

ఈ కాల్చుకోవడమంటే ఏమిటో మా అమ్మకు ఒక్క మాటలో అర్థమైంది. కొత్త దోసెల పెనాన్ని పదునుకు తెచ్చుకోవడం లాంటిదే ఇదీను. కొత్త ప్యాడు, చక్రంతోపాటు తిరిగే డిస్కును అక్కడక్కడా మాత్రమే తాకుతుంది; వేడి మీద దాని పదార్థం పలచని పొరగా డిస్కు చుట్టూ సమంగా పట్టుకుంటే తప్ప సరైన పట్టు రాదు. అందుకోసం 60 కిలోమీటర్ల వేగం నుంచి 10కి, చక్రం జారకుండా గట్టిగా దించుతూ ఎనిమిది పదిసార్లు బ్రేకు వేసి, ఆ తర్వాత ఒక పది నిమిషాలు బ్రేకు ముట్టుకోకుండా బండి నడిపి, డిస్కును గాలికి చల్లార్చాలి. అయితే వేడి మీద ఉండగా పూర్తిగా ఆగి లివర్ పట్టుకుని కూర్చోకూడదు. కూర్చుంటే ప్యాడు ఉన్నచోటనే డిస్కు మీద మందంగా అచ్చు పడి, ఆపైన బ్రేకు వేసినప్పుడల్లా లివర్ వేళ్ల కింద దడదడలాడుతుంది. ఈ నియమం పెట్టినవారు మన పల్లెదారుల మీద తిరిగినవారు కారని నా గట్టి నమ్మకం.

శనివారం తెల్లవారుజామున నెల్లూరు నుంచి మైపాడు దారి పట్టాను. గుంటలు లేని కిలోమీటరు ముక్క ఒకటి చూసుకుని, వెనుక ఎవరూ రావడం లేదని అద్దంలో నిర్ధారించుకుని, మొదటి బ్రేకు వేశాను. బండి సరిగ్గా 10కి దిగినచోట, వేపచెట్టు కింద, పంచెకట్టుతో ఒక పెద్దాయన సంచి పట్టుకుని నిలుచుని ఉన్నాడు. ఆయన పంచె ఎగగట్టుకుని, సంచి చంకన పెట్టుకుని, సీటు మీద చెయ్యి వేయబోయేసరికి నేను మళ్లీ 60కి వెళ్లిపోయాను. దారి ముక్క చిన్నది కాబట్టి వెనక్కు తిరగక తప్పలేదు. ఈసారి ఆయన నాకోసం రోడ్డు దాటి అవతలి పక్కకు వచ్చాడు. నేను మళ్లీ 10కి దించి, మళ్లీ వెళ్లిపోయాను. మూడోసారికి ఆయన ఇవతలికి వచ్చాడు, నాలుగోసారికి అవతలికి వెళ్లాడు. కాదు కాదంటూ తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాను గానీ, హెల్మెట్టులోని తల ఎటు ఊగినా రమ్మన్నట్టే ఉంటుంది కాబోలు.

ఎనిమిదోసారి మాత్రం గొర్రెల మంద అడ్డం వచ్చింది. మా నెల్లూరు జాతి గొర్రెలు పొడుగు కాళ్లవి, తొందర అన్నది ఎరుగనివి. ముందు లివర్ వదిలేసి, గేర్లు దించి, వెనుక బ్రేకుతో ఎలాగో ఆపాను. ఆ అర నిమిషంలోనే వెనుక సీటు బరువెక్కింది.

"దొరికినావు అబ్బయ్యా! ఇందుకూరుపేట కాడ దించు."

"ఎక్కావు గానీ తాతా, ఇంకో పది నిమిషాలు ఈ బండి ఆగకూడదు."

"ఆగకూడదా? అదేం బండి నాయనా?"

జవాబు వెదుక్కునే లోపే ఇందుకూరుపేట రావడం, ఆయన నా వీపు మీద తట్టడం, "అదిగో మా ఇల్లు, అదిగో" అంటుండగా ఆ ఇల్లు వెనక్కు వెళ్లిపోవడం జరిగిపోయాయి. రొయ్యల గుంటలు దాటాం. ఎదురుగా సముద్రం కనిపించింది. గొర్రెల కోసం వాడిన వెనుక బ్రేకును మనిషి కోసం కూడా వాడవచ్చునన్న ఆలోచన నాకు మైపాడు ఇసుక చూశాకనే కలిగింది.

టీ బంకు దగ్గర పెద్దాయన దిగి, నా మీద కోపం చూపకుండా, బంకతనితో జాలిగా చెప్పాడు. "పాపం, ఈ అబ్బయ్య బండికి బ్రేకుల్లేవు. పొద్దుటి నుంచి నన్ను ఎక్కించుకోవాలని నాలుగైదు తూర్లు చూసినాడు, నిలబడలా. గొర్రెలు అడ్డమొస్తే గానీ ఆగలా." తర్వాత నా వైపు తిరిగి, తన మేనల్లుడికి సైకిళ్లు బాగుచేసే దుకాణం ఉందనీ, రబ్బరు దిమ్మలు రెండు వేయిస్తే ఇక బెంగ ఉండదనీ ధైర్యం చెప్పాడు. నా ప్యాడ్ల ధర ఆయనకు చెప్పే ధైర్యం మాత్రం నాకు లేకపోయింది.

పెద్దాయనను మళ్లీ వెనుక ఎక్కించుకుని వచ్చిన తిరుగుదారిలో బ్రేకు అద్భుతంగా పనిచేసింది. రెండు వేళ్లతో ఒత్తితే చాలు, బండి ఎక్కడికక్కడ ఒదిగిపోతోంది. ఆ సంగతి పెద్దాయనకు చూపించాలని ఇందుకూరుపేటలో ఆయన ఇంటి ముందు ఎంతో మెత్తగా వేగం తగ్గిస్తున్నాను. బండి ఇంకా నడక వేగంలో ఉండగానే ఆయన సంచి చంకన పెట్టుకుని కిందికి దూకేశాడు.