సవరణ: కరెంటు ఇంజిన్‌కి పొగ లేదన్నాను, అది సగమే నిజం

గూడ్స్ రైళ్ల గురించి మొన్న రాసినదాంట్లో రెండు తప్పులు దొర్లాయి. మొదటిది చిన్నదే. డీజిల్ ఇంజిన్ నేరుగా చక్రాలను తిప్పుతుందని రాశాను. ఇప్పుడు గూడ్స్ లాగే పెద్ద డీజిల్ లోకోలు (రైలింజన్లు) దాదాపు అన్నీ డీజిల్‌తో లోపలే కరెంటు పుట్టించి, దాంతో మోటార్లు తిప్పేవే, అంటే పవర్ హౌస్‌ని వెంటబెట్టుకు తిరుగుతున్నట్టు.

రెండోదే అసలు సంగతి. కరెంటు లోకోకి మారితే కాలుష్యం సున్నా అనేశాను, ఆ మాట అనే ముందు ఆ కరెంటు ఎక్కడ పుట్టిందో చూడాల్సింది. లీటరు డీజిల్ కాలిస్తే సుమారు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, ఇంజిన్ దాన్నుంచి 4 యూనిట్ల దాకా పని రాబడుతుంది కాబట్టి యూనిట్‌కి 0.7 కిలో పడిందనుకోండి. బొగ్గు కరెంటుకైతే యూనిట్‌కి దాదాపు కిలో, పైగా లైన్లలో పోయేది వేరే! అంటే పూర్తిగా బొగ్గు మీదే నడిస్తే డీజిలే కాస్త నయం. గాలి, సోలార్, జలవిద్యుత్ వాటా పెరిగేకొద్దీ లెక్క తిరగబడుతుంది.

అలాగని పట్టాల మీదుగా కరెంటు తీగలు వేయడం దండగ అనను. బ్రేక్ వేసినప్పుడు కరెంటు లోకో ఆ శక్తిని తిరిగి తీగలోకి పంపగలదు, డీజిల్ లోకో మామూలుగా పైకప్పు మీది రెసిస్టర్లలో వేడిగా తగలేస్తుంది. పాత పోస్టులో ‘కాలుష్యం సున్నా’ అన్న వాక్యం మార్చేశాను.