ఆర్డర్ 21 గారికి ఒక డిక్రీదారుడి విన్నపం

సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో డిక్రీల అమలు చూసే ఆర్డర్ 21 గారి దివ్యసముఖానికి, దావా గెలిచిన డిక్రీదారుడు నమస్కరించి రాయునది.

తమరి దయవల్ల నిన్న మధ్యాహ్నం మా పొలం మాకు స్వాధీనమైంది. కాగితం మీద. కోర్టు ఆదేశాలు అమలుచేసే అమీనా గారు డప్పు మనిషిని వెంటబెట్టుకొచ్చి, మోటారు షెడ్డు తలుపుకి వారంటు నకలు అంటించారు. బంక డబ్బా పట్టుకుని సాయం చేసిందెవరు? పొలంలో ఉన్న కౌలుదారే. నాలుగు దెబ్బలు డప్పు కొట్టించి, డిక్రీ సారాంశం వినిపించారు. కౌలుదారు బుద్ధిగా తలూపి, వెళ్లి మిరపకి మందు కొట్టుకున్నాడు.

మీ 36వ రూలు ప్రకారం అంతా సక్రమమేనట. డిక్రీకి కట్టుబడనక్కర్లేని కౌలుదారు ఉంటే అతన్ని కదపకూడదు, డప్పు కొట్టి చెబితే చాలు. సరే. మరి దావా నడిచినన్నాళ్లూ ఈయన ఎక్కడున్నాడండీ? సాక్ష్యాల్లో లేడు, కోర్టు పంపిన కమిషనర్ రిపోర్టులో లేడు. అమీనా గారు మొదటిసారి మా పొలం గట్టు మీద కాలుపెట్టిన రోజునే ప్రత్యక్షమయ్యాడు, దావాకి ముందు తేదీ వేసిన కౌలు కాగితంతో! కాగితం మీద మడతలు కూడా ఇంకా నలగలేదు. విచారణలో అదే నెగ్గింది. ఓడిపోయినాయన మాత్రం చెట్టుకింద కూర్చుని మాకు మజ్జిగ పంపించాడు.

మీ మీద ఫిర్యాదు కొత్తదేమీ కాదు. ఈ దేశంలో కక్షిదారుడి కష్టాలు డిక్రీ వచ్చాకే మొదలవుతాయని అప్పట్లో లండన్‌లో మన ఆఖరి అప్పీళ్లు వినే ప్రివీ కౌన్సిల్ 1872లోనే అంది. అప్పటికి మీరు పుట్టనేలేదు, 1908 కోడ్ కదా మీది. ఈ.పీ.లు, అంటే డిక్రీ అమలు పిటిషన్లు, ఆరు నెలల్లో తేల్చమని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది, 2025లో మళ్లీ చెప్పింది. 2025లో లెక్క తీస్తే దేశమంతా 8 లక్షల 82 వేల పైచిలుకు పెండింగు తేలాయి. ఇక నోటీసులు, వాటికి కట్టే బత్తా, ప్రాసెస్ మెమో, "అమీనా లీవు", "పోలీసులు బందోబస్తులో ఉన్నారు"... వాటి సంగతి ఎత్తను.

మీ ఇంట్లోనే సెక్షన్ 68 నుంచి 72 దాకా ఉండేవి, గుర్తున్నాయా? స్థిరాస్తి మీద డిక్రీ అమలుని కలెక్టరుకి అప్పగించే ఏర్పాటు. 1956లో వాటిని, మూడో షెడ్యూలుతో సహా, రద్దు చేశారు. కలెక్టర్లు ఉద్ధరించేవారని నేననను. కానీ వాళ్లు గౌరవంగా తప్పుకున్నారు. మీరు మాత్రం 106వ రూలు దాకా సాగి, ప్రతి మలుపులో అవతలివాడికో తలుపు తెరిచిపెట్టారు. అడ్డగింపుకి ఒకటి, క్లెయిముకి ఒకటి, వాయిదాకి ఒకటి. గెలిచినవాడికి మాత్రం డప్పు!

ఏమండీ, సిగ్గనిపించదా? మా నాన్న వేసిన దావా ఇది. డిక్రీ చూశాడు, పొలం చూడకుండానే పోయాడు. కోర్టు రికార్డులో "స్వాధీనం ఇవ్వడమైనది" అని రాసి మా ఈ.పీ. మూసేశారు. ఆ ఒక్క వాక్యం చాలు నాకు బీపీ పెరగడానికి.

కౌలుదారుని ఖాళీ చేయించడానికి కొత్త దావా వేయాలంటున్నారు లాయరు గారు. వేస్తాను. ఆ డిక్రీ పట్టుకుని మళ్లీ మీ గడపే తొక్కాలి. ఈలోగా కౌలుదారుకి ఇంకో కౌలుదారు పుట్టకుండా ఏదైనా చూడండి. అది మీవల్ల కాకపోతే, 68వ సెక్షన్ గారికి సెలవు ఎలా దొరికిందో కనుక్కోండి.

ఇట్లు,
డప్పు ఖర్చు కూడా తానే కట్టుకున్న డిక్రీదారుడు