షాపు పేరు పొడుగు చేస్తే మ్యాప్స్‌లో పైకి రారు

మా వ్యాపారుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. గూగుల్ మ్యాప్స్‌లో మీ షాపు నంబర్ వన్ కావాలంటే నాలుగు పనులు చేయాలట: పేరులో ఊరి పేరు, పని పేరు, ‘బెస్ట్’ అన్న మాట చేర్చాలి, తెలిసినవాళ్లతో 100 ఫైవ్ స్టార్లు వేయించాలి, పక్క ఊళ్ల అడ్రసులతో ఇంకొన్ని ప్రొఫైళ్లు (మ్యాప్స్‌లో షాపు పేరు, అడ్రసు, టైమింగులు కనిపించే పేజీలు) తెరవాలి, నెలనెలా డబ్బు కట్టి గ్యారంటీ తీసుకోవాలి. మాది మోటార్ వైండింగ్ షాపు. నాన్న, అన్నయ్య, నేను చూసుకుంటాం. ఇందులో మొదటి మాట నమ్మి మేం నష్టపోయాం. అందుకే రాస్తున్నాను.

బోర్డు మీద ఏ పేరుందో ప్రొఫైల్‌లోనూ అదే ఉండాలన్నది గూగుల్ నియమం. ఒక ఏజెంటు మాట విని మా రెండు మాటల పేరును ఒకటిన్నర లైను చేశాం. కొన్నాళ్లకే ప్రొఫైల్ సస్పెండ్ అయింది, అదీ ఏప్రిల్‌లో. వోల్టేజీ పడిపోయి, బోర్లలో నీళ్లు అడుగంటి మోటార్లు కాలిపోయే రోజులవి. మా ఏడాది సంపాదనలో ఎక్కువ భాగం అప్పుడే వస్తుంది. పాత పేరు పెట్టి, బోర్డు ఫొటో, కరెంటు బిల్లు, లైసెన్సు జతచేసి అప్పీలు చేసుకుంటే గానీ తిరిగి రాలేదు. అన్ని రోజులూ నాన్నకు ఒకటే టెన్షన్.

చేసే పనులు రాసుకోవడానికి వేరే చోటుంది. ప్రధాన కేటగిరీ ఒకటి, దానికి తోడు 9 దాకా పెట్టుకోవచ్చు. సర్వీసుల్లో సబ్‌మెర్సిబుల్, మోనోబ్లాక్, కూలర్ మోటారు అని విడివిడిగా రాయండి.

ఇక స్టార్లు. షాపు గడప తొక్కని బంధువులతో రివ్యూలు రాయించడం, రివ్యూ రాస్తే డిస్కౌంట్ ఇస్తామనడం రెండూ నిషిద్ధమే. నిజమైన కస్టమర్‌ను అడగడం తప్పు కాదు. మోటారు అప్పగించాక, అది బిగించి నీళ్లు పోసిన మర్నాడు, మేం వాట్సాప్‌లో రివ్యూ లింకు పంపుతాం. “బోరు మోటారు కాలిపోతే రెండు రోజుల్లో చేసిచ్చారు” అని ఒక రైతు తెలుగులో రాసిన వాక్యం, మాటల్లేని స్టార్ల కంటే కొత్తవాళ్లకు ఎంతో నమ్మకమిస్తుంది. ఫిర్యాదు వస్తే తీసేయించాలని చూడకండి, మర్యాదగా జవాబు రాయండి.

పక్క ఊళ్ల దొంగ అడ్రసులు అసలు అక్కర్లేదు. ప్లంబర్లు, ఎలక్ట్రీషియన్ల లాగా ఇళ్లకు వెళ్లి పనిచేసేవాళ్లు ఒకే ప్రొఫైల్‌లో 20 ప్రాంతాల వరకు చూపించుకోవచ్చు.

అన్నిటికంటే ఎక్కువమందిని మోసం చేస్తున్నది ‘నంబర్ వన్ గ్యారంటీ’. గూగుల్ చూసేవి మూడు: వెతికిన మాటకు మీ పని ఎంత సరిపోతుంది, వెతికే మనిషికి మీరెంత దూరంలో ఉన్నారు, మీకు ఎంత పేరుంది. దూరం లెక్కలో ఉన్నప్పుడు అందరికీ ఒకే నంబర్ వన్ ఎలా ఉంటుంది? బస్టాండులో వెతికినవాళ్లకు ఒక షాపు ముందొస్తే, మార్కెట్ యార్డులో వెతికినవాళ్లకు ఇంకొకటి రావచ్చు. ఏజెంటు మన షాపులోనే కూర్చుని ఫోన్లో వెతికి, “చూడండి, మీరే ఫస్ట్” అంటాడు. మన కౌంటర్ దగ్గరే వెతికితే మనం ముందు రావడంలో వింతేముంది? రెండు కిలోమీటర్లు వెళ్లి వెతికి చూపించమనండి.

ప్రొఫైల్ పెట్టుకోవడం ఉచితం. డబ్బు కట్టి ఈ స్థానాన్ని పెంచుకునే దారి లేదని గూగులే చెబుతోంది. ప్రకటనలు వేరు, వాటి మీద ‘స్పాన్సర్డ్’ అని ఉంటుంది. ఫొటోలు తీసి, టైమింగులు సరిచేసిపెట్టే మనిషికి కూలి ఇవ్వడంలో తప్పులేదు. కానీ ప్రధాన ఓనర్‌గా ఉండాల్సింది మీ ఇంట్లోవాళ్ల మెయిల్ ఐడీ; ఆయనకు మేనేజర్ హోదా చాలు. ఇప్పటికే ఓనర్‌షిప్ ఆయన చేతిలో ఉంటే, మ్యాప్స్‌లో మీ షాపు తెరిచి మీ మెయిల్ నుంచి యాజమాన్యం కోసం రిక్వెస్ట్ పెట్టండి. జవాబివ్వడానికి ఆయనకు గూగుల్ 3 రోజులు గడువిస్తుంది.